ఏదో ఒక తీగ గుంజు

కరెంటు పోగానే ప్యానెల్లో బ్యాటరీకి మార్చే రిలే టక్కుమంటుంది. ఆ చప్పుడుకు అందరి ప్రాణం కుదుటపడుతుంది, నాకు మాత్రం అనుమానం మొదలవుతుంది. సూరత్‌లోని ఉధ్నాలో మేం ఆస్పత్రుల కోసం బ్యాకప్ ప్యానెళ్లు తయారుచేస్తాం. ఇవాళ పొద్దున ఒకదాన్ని పరీక్షిస్తుంటే ఆ టక్కు వినబడింది, వెంటనే వేడెక్కిన వైరు వాసన ముక్కుకు తగిలింది, లింగయ్య కాక గుర్తొచ్చాడు. మనిషి పోయి చాన్నాళ్లయినా నా పనిలో వంకలు వెతకడం మాత్రం మానలేదు.

కాకది సిరిసిల్ల వైపు. మగ్గం పనికి సూరత్ వచ్చి, కరెంటుతో నడిచే మరమగ్గాలకు ప్యానెళ్లు చేయడం నేర్చుకుని, చివరికి సొంత వర్క్‌షాపు పెట్టాడు. గుజరాతీలు సేట్ అనేవారు, మనవాళ్లు కాక అనేవారు. డిప్లొమా అయ్యాక నేను ఆయన దగ్గర చేరేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డాడు. ఆ వయసులో, ఊరి బయట పల్సానా దగ్గర ఒక రేకుల షెడ్డులో, ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని సొంతంగా కట్టుకుంటున్నాడు. వినగానే నాకు నవ్వొచ్చింది.

"నవ్వు బిడ్డా, మంచిదే. నవ్వినంక జర ఆ ఇంజను దిక్కు చూడు," అన్నాడు. "కరెంటు లేకుంటే దానికి పెట్రోలు అందది, నిప్పు పుట్టది. మగ్గం ఆగితే గుడ్డ ఆగుతది. ఇది ఆగితే నేనే కిందికొస్త. గా కరెంటు సంగతి నువ్వు చూడాలె."

పనిలో చేరి నెల తిరగని పిల్లకు తన ప్రాణాన్ని అప్పజెప్పాడు. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ నాలో నేనే గర్వపడ్డాను, భయపడ్డాను కూడా.

ఇంజనుకు రెండు బ్యాటరీలు పెట్టాం. మొదటిది చచ్చిపోయినా రెండోది ఇంజనును నడిపిస్తూ ఉండాలి. అది నిజంగా నడిపిస్తుందా అని చూడటానికి కాకకు ఒక పద్ధతి ఉండేది. ముఖ్యమైన తీగలన్నిటికీ చేత్తో విప్పే జాయింట్లు పెట్టించాడు. ఇంజను నేలమీద నడుస్తుండగా ఎవరో ఒకరు లోపల కూర్చుని ఏదో ఒక తీగ ఊడదీయాలి. ఇంజను ఆగకూడదు. తీగలు బిగించినవాళ్లు మాత్రం ఊడదీయడానికి వీల్లేదు.

"నువ్వు తీస్తే నీకు నమ్మకమున్నదే తీస్తవ్. నేనైనా గంతే," అనేవాడు. అందుకే సరుకు దింపడానికొచ్చిన డ్రైవర్లనూ, దారినపోయే చుట్టాలనూ బతిమాలి లోపల కూర్చోబెట్టేవాడు. వాళ్లు బెదిరిపోయి దిగుతుంటే ఆయనకు భలే సరదా.

విమానం మొదటిసారి ఎగరబోయే ముందురోజు చిన్నమ్మ అన్నం తీసుకుని షెడ్డుకు వచ్చింది. చిన్నమ్మ అంటే కాక భార్య. విమానం నడపాల్సిన హేమంత్‌భాయ్, రిటైరైన పైలటు, అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆకాశంలో మబ్బులు పట్టాయి. వాన మొదలైతే పచ్చిక రన్‌వే బురదైపోతుంది. దానికంటే పెద్ద తొందర కాక కళ్లది. చూపు రోజురోజుకీ తగ్గుతోంది, వానలు వెలిసేనాటికి వెలుగు తప్ప ఏమీ తెలియకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. ఒక్కసారి పైనుంచి సూరత్‌ను, తాపీ నదిని చూడాలని ఆయన ఆశ.

కాక ఇంజను నడిపించి, చిన్నమ్మను లోపల కూర్చోబెట్టి, "ఏదో ఒకటి గుంజు," అన్నాడు. ఆమె దగ్గరగా ఉన్న లావుపాటి నల్ల తీగ పట్టుకుని లాగింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అది ఎర్తు తీగ. కాక స్వయంగా బిగించింది. మగ్గాల షెడ్లలో ఎర్తులన్నీ ఒకచోటికి తెచ్చి బిగించడం మావాళ్ల అలవాటు, అక్కడ అదే మంచి పనితనం. ఇక్కడ మాత్రం రెండు బ్యాటరీల కరెంటూ తిరిగి రావడానికి ఆ ఒక్క తీగే దారి అయింది. అది ఊడితే రెండో బ్యాటరీ ఉన్నా లేనట్టే.

"ఆ తీగ ఎక్కడికి పోతుంది సేట్? జాయింటు తీసేసి బోల్టు బిగిద్దాం, రేపు ఎగురుదాం," అన్నాడు హేమంత్‌భాయ్ హిందీలో. కాక సరే అంటే బాగుండునని నాకూ అనిపించింది.

"పోదని నువ్వంటున్నవ్ భాయ్, తీగ అంటలేదు," అన్నాడు కాక. తర్వాత నావైపు తిరిగాడు. "నా చెయ్యి ఇంకా మగ్గాల షెడ్డులనే ఉన్నది. మొత్తం ఇప్పుదాం పట్టు."

చిన్నమ్మ కళ్లు తుడుచుకుంది. "నేను ఇంకోటి గుంజినా బాగుండు."

"నువ్వు మంచిగనే గుంజినవ్ తియ్యి. అన్నం పెట్టు," అన్నాడాయన.

ఆ వారంలోనే వానలు పట్టుకున్నాయి. వానాకాలమంతా కూర్చుని రెండు బ్యాటరీలకూ పోయే దారి, తిరిగొచ్చే దారి వేరువేరుగా వేశాం. ఈసారి ప్రతి తీగా నా చేతే బిగించాడు, ఎందుకంటే ఆయనకు తీగల రంగులు తెలియడం మానేశాయి. ఒక్కనాడూ విసుక్కోలేదు. నాకే ఏడుపొచ్చేది.

వానలు వెలిశాక విమానం ఎగిరింది. పరీక్షలన్నీ దాటాక ఒక ఉదయం హేమంత్‌భాయ్ పక్క సీటులో కాక కూర్చున్నాడు. ఇంజను ఆగినా గాలిలో జారుకుంటూ దిగగలిగేలా రన్‌వేకు పైనే బాగా ఎత్తులో తిరుగుతామని, అక్కడ ఒక తీగ గుంజుతానని హేమంత్‌భాయ్‌ని ముందే ఒప్పించాడు. నేను వద్దన్నాను.

"తీగలు కనబడనోడు గుంజితేనే అసలు పరీక్ష," అని నవ్వాడు.

కింద చిన్నమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను తల పైకెత్తలేదు, ఇంజను చప్పుడు మాత్రమే విన్నాను. ఎంత విన్నా అది మారలేదు. వాళ్లు దిగేదాకా ఒకే తీరుగా మోగుతూ వచ్చింది.

"తాపీ కనబడ్డదా కాకా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. ఎలుగొక్కటే కనబడ్డది."

"మరి ఏ తీగ గుంజినవ్?"

"నాకేమెరుక. చేతికి దొరికింది గుంజిన. ఇంజనుకే తెల్వలే, నాకేం తెలుస్తది."

ఇప్పుడు ఆస్పత్రిలో ప్యానెల్ బిగించాక, దాన్ని రోగుల యంత్రాలకు కలిపే ముందు, అక్కడి ఆయానో వాచ్‌మన్‌నో పిలిచి ఏదో ఒక తీగ ఊడదీయమంటాను. వాళ్ల చేయి ఎటు పోతుందోనని ప్రతిసారీ నాకు భయమే. అయినా పక్కకు జరిగి నిలబడతాను.