ఉట్నూర్ బొమ్మ మీద పదిహేను చుక్కలు

విద్యాధర్‌కు యాభై రెండేళ్లు. కరీంనగర్‌లో భూగోళశాస్త్రం చెబుతాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ వానాకాలం ఉపగ్రహ చిత్రాల గురించి నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాడు.

కంప్యూటర్‌కు చిత్రమంటే గళ్లలో నింపిన అంకెలేననీ, తాను చూసే చిత్రంలో ఒక్కో గడి నేల మీద పది మీటర్లనీ తెలుసుకున్నాడు. ఏపుగా ఉన్న పైరు మన కంటికి ఆనని కాంతిని బాగా వెనక్కి పంపుతుందట, దాన్ని తెర మీద ఎర్రగా చూపిస్తారు. చివర్లో ఒక ప్రాంతం ఎంచుకుని పంటలు వేరు చేయమన్నారు. ఉట్నూర్ అని రాశాడు.

పత్తి, సోయా రెండూ ఒకే ఎరుపులో కనబడ్డాయి. కొన్ని చోట్ల ఏ పంటో మనం చెబితే, మిగతావి కంప్యూటర్ పోల్చుకుంటుంది. అందుకు పదిహేను చుక్కలు గుర్తు పెట్టాడు. వెళ్లి చూసేదెవరు?

ఆరాధన అక్కడి పల్లెలు తిరిగే నర్సు. ఇంటర్‌లో విద్యాధర్‌తో మొదలైన స్నేహం అయిదేళ్లు సాగింది. పెళ్లి మాట వచ్చిన రోజు, "చర్చికి పోయేటోళ్ల పిల్ల మనింట్లకా?" అన్నాడు అతని తండ్రి జైపాల్‌రావు. విద్యాధర్ నోరు మెదపలేదు. తర్వాత ఆమెకు వేరొకరితో పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆమె నంబర్ రెండేళ్లుగా కనబడుతూనే ఉంది. ఇప్పుడు ఫోన్ చేశాడు.

"ఆరాధనా... విద్యాధర్‌ను. బాగున్నరా?"

"గిదేంది, నన్ను ‘మీరు’ అంటున్నవ్?"

పని చెప్పాడు.

"పత్తా సోయానా చూసుడే గదా? డ్యూటీకి పోయే తొవ్వల్నే ఉంటయి. ఆ చుక్కలు పంపు."

వారంలో పద్నాలుగు చోట్ల ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో చేను గట్టు మీద ఆమె నీడ పడింది. దాన్ని పెద్దది చేస్తూ పోయాడు. చివరికి నల్లని గళ్లు మిగిలాయి.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. "పదిహేనోది వాగవతల ఉంది. వాగు పారుతుంది, పోలే." ఆగి, "నీ బొమ్మల మా ఇల్లు కనబడ్తదా?" అంది.

"కనబడది. ఇల్లు, చెట్టు, బాట అన్నీ ఒక్క గడిలనే కలిసిపోతయి."

"మరి ఉట్నూరే ఎందుకు తీసుకున్నవ్?"

"నువ్వు ఉన్నవని."

"గా మాట ఆనాడు మీ బాపు ముంగట అనకపోతివి."

"అనలే. నాదే తప్పు."

"‘నేను వస్తా, వాగు దాటి నేనే చూస్తా’ అని నువ్వు బయల్దేరకు. నీళ్లు తగ్గినంక నేనే పంపుత."

అక్టోబర్ మధ్యలో ఫొటో వచ్చింది. కోసిన సోయా కుప్ప. కింద, "పదిహేనూ అయిపోయినయి గదా?" అని రాసింది. విద్యాధర్ చాలాసేపు ఏదేదో రాసి తుడిపేశాడు. "అయిపోయినయి" అని పంపాడు.

మంచి మార్కులే వచ్చాయి. తర్వాతి కోర్సులో మళ్లీ ప్రాంతం ఎంచుకోమన్నప్పుడు, ఉట్నూర్ వదిలి బాసర దగ్గరి గోదావరి తీసుకున్నాడు.