నొప్పి లేదన్న మాట

మా కెమిస్ట్రీ సారు పోయారని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. కాలి పుండు ముదిరి, విషం ఒళ్లంతా పాకిందట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంకెవరైనా అయితే తెలియక అశ్రద్ధ చేశారులే అనుకునేదాన్ని. ఈయనకు తెలియకపోవడమేంటి?

ఇంటర్లో ఫీనాల్ పాఠం చెబుతూ బోర్డు మీద బెంజీన్ రింగు గీసి, దానికో ఓహెచ్ తగిలించేవారు. "ఆల్కహాల్‌కూ ఇదే ఓహెచ్, దీనికీ ఇదే. కానీ యాడ కూసోనుండాదో చూడండప్పా! ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను రింగు తన దిక్కు గుంజుకుంటాది. దాంతో హైడ్రోజన్ పట్టు సడలి ఊడొస్తాది. అట్లా ఇది ఆమ్లమైపాయ" అనేవారు. అంత పెద్ద ఆమ్లమేం కాదు, వంటసోడాలో పోస్తే బుడగ కూడా లేపలేదు అని నవ్వేవారు. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క పడి ఊదారంగు తిరిగితే, మాకంటే ముందు ఆయనే "అబ్బా!" అనేవారు.

ఒకరోజు ల్యాబ్‌లో నా ముంజేతి మీద ఫీనాల్ ఒలికింది. మా ఇంట్లో బండలు తుడిచే ఫినాయిలూ ఇదీ ఒకటేననుకుని చున్నీతో తుడిచేసుకున్నాను. మంట కూడా లేదు. చర్మం తెల్లబడటం సారు కంట పడింది. చెయ్యి పట్టి కొళాయి కిందికి ఈడ్చారు.

"నొప్పి ల్యాదు సార్, ఫినాయిలే కదా!"

"ఫినాయిల్ కాదు పాపా, ఫీనాల్! నొప్పి ల్యాదని సంబరమా? నరాలను మొద్దుబార్చి లోపల కాలుస్తాంటాది. నొప్పి ల్యాకపోతేనే భయపడాల!"

నీళ్లు ఆపనివ్వలేదు. తర్వాత తన స్కూటర్ మీదే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆయన పుణ్యాన మచ్చతో సరిపోయింది. ఇప్పుడు ఎర్రగుంట్లలో నేనూ కెమిస్ట్రీ చెబుతున్నాను. ఫీనాల్ వచ్చిన రోజు ఆయన మాటే చెబుతాను.

షుగర్ వల్ల ఆయన పాదం ఎప్పుడో మొద్దుబారింది. బొటనవేలికి దెబ్బ తగిలితే ఆయనకే తెలియలేదు.

"ఎంత మొత్తుకున్నా ఇనల్యాదమ్మా" అని, వాళ్లింటికి వెళ్లగానే సారు భార్య నన్ను పట్టుకుని ఏడ్చారు. "ఆస్పత్రికి పోదాం పా అంటే, నొప్పే ల్యాదు, అదే మానుతాదిలే అంటాండె."

అంత చెప్పిన మనిషివి, ఎందుకు సార్ ఇట్లా చేశావు? ఆమెను కూర్చోబెట్టి బయటికి వచ్చేశాను.

గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. కుడి చెప్పుకు బొటనవేలి దగ్గర పట్టీ లేదు. పుండు మీది కట్టు పట్టడం లేదని ఆయనే బ్లేడుతో కోసుకున్నారట. ఫిల్టర్ పేపర్ కోసినంత నీటుగా కోశారు.