ఫ్లెక్సీ మూలన పెద్దబాబు గారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నాకు గట్టి నమ్మకం. నర్సీపట్నంలో ఓ ప్రైవేటు బడిలో తెలుగు మాస్టారుగా చేరి మూడు నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా పిల్లల్లో ఎక్కువమంది పక్కనున్న బలిఘట్టం వాళ్లే. వార్షికోత్సవం ఫ్లెక్సీ, పిలుపుల పని నాకు అప్పగిస్తూ హెడ్మాస్టరు గారు, "ఆ ఊళ్లో ధనవంతులెవరో, మోతుబరులెవరో తెలుసుకుని మరీ సెయ్యండి మాస్టారూ. ఇది సరిగ్గా జరిగితేనే మీ ఉద్యోగం" అన్నారు. రెండూ ఒకటే కదా, ఈయనకి తెలుగు అంతంత మాత్రం పాపం అనుకున్నాను (తెలుగు మాస్టార్లందరికీ ఉన్న జబ్బే ఇది). కార్లను బట్టి తేల్చేశాను. పెద్ద కారున్న జీడిపప్పు షావుకారు గారిని ఫ్లెక్సీ నిండా నిలబెట్టి, స్వయంగా వెళ్లి పిలిచాను. పాత మోపెడ్ మీద చెరకు తోటకెళ్లే పెద్దబాబు గారిని ఖాళీ దొరికిన మూలన అరచెయ్యంత వేసి, కార్డు వాట్సాప్‌లో పంపాను.

ఆ సాయంత్రం షావుకారు గారు వేళకే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయన వెనక కుర్చీలన్నీ ఖాళీ. వేషాలు వేసుకున్న పిల్లలు తెర సందులోంచి అమ్మానాన్నల కోసం తొంగి చూస్తున్నారు.

"పెద్దబాబు గారిని ఇంటికెళ్లి పిలిసేరా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"వాట్సాప్‌లో పంపానండి. రెండు టిక్కులు కూడా పడ్డాయి."

"ఓర్నాయనో! ఆయన్ని పిలవకపోతే ఊరిని పిలవనట్టేనండీ. బేగి ఎల్లండి!"

వెళ్లేసరికి పెద్దబాబు గారు అరుగు మీద తీరిగ్గా కూర్చునున్నారు. చుట్టూ మా పిల్లల తండ్రులు, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఆయన ఎప్పుడు లేస్తారా అని చూస్తున్నారు.

"రండి మాస్టారూ. ఫ్లెక్సీ సూసేను. కళ్లజోడెట్టుకుంటే బాగానే అవుపించేను."

"తప్పయిపోయిందండీ. నా ఉద్యోగం..."

"ఇంకేటీ సెప్పకండి. ఇంటికొచ్చి పిలిసేరు కదా, పదండి" అంటూ కండువా భుజాన వేసుకున్నారు.

పావుగంటలో కుర్చీలు చాల్లేదు. షావుకారు గారే లేచి ఆయనకి తన కుర్చీ ఇచ్చారు. మైకు చేతికిస్తే పెద్దబాబు గారు, "ఈ కొత్త మాస్టారు మా ఇంటికొచ్చి పిలిసేరు. మంచోరు. అట్టేపెట్టుకోండి" అని కూర్చున్నారు. చప్పట్ల మధ్య నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పుడా బడికి నేనే హెడ్మాస్టర్ని. పెద్దబాబు గారు లేరు. ఫ్లెక్సీలోని ఆ మూలను కత్తిరించి నా బల్ల అద్దం కింద దాచుకున్నాను. మొన్న ఫ్లెక్సీ పని అప్పగిస్తుంటే కొత్త టీచరమ్మ, "ధనవంతులన్నా మోతుబరులన్నా ఒకటే కద్సార్?" అంది, అచ్చం అప్పటి నా ధీమాతోనే. నవ్వొచ్చింది. జవాబు చెప్పబోయి, ఒకసారి అద్దం కిందికి చూశాను. నాకూ కళ్లజోడొచ్చింది లెండి. పెట్టుకుంటే ఆయన బాగానే కనిపించారు.