అమ్మ చేతులు, బడి కుండ

మా చిన్నప్పుడు ఎండాకాలం ఒంటిపూట బడి... ఊరి రైతులు బడి ఆవరణంతా మిరపకాయలు ఎండబోసేవారు. ఆ ఘాటుకు తుమ్ముతూనే ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. మూడో తరగతికి పాఠం చెప్పేది మా అమ్మే.

ఎనభైల్లో మాట ఇది. ప్రత్తిపాడు దాటాక ఒక పల్లెటూరు. మా ఇల్లు ఊరి చివర, చర్చి పక్కన గూడెంలో. అంతకు ముందు ఏడాదే నాన్న చిలకలూరిపేట రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. అప్పటి నుంచి అమ్మకు ఉన్నట్టుండి దడ వచ్చేది. కారణమంటూ ఏమీ అక్కర్లేదు... బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేది. సుద్దముక్క వణికేది, ఊపిరి అందేది కాదు, ఒళ్లంతా చెమటలు. ఆరెంపీ డాక్టరు బలానికి సూది వేసి పంపాడు.

మందు అమ్మే కనిపెట్టుకుంది. తరగతి గది మూలలో తడి ఇసుక మీద మంచినీళ్ల కుండ ఉండేది, చుట్టూ తడిగుడ్డ. దడ రాగానే అమ్మ మెల్లగా అక్కడికి వెళ్లి, రెండు అరచేతులూ కుండకు ఆనించి కళ్లు మూసుకునేది. కాసేపటికి ఊపిరి కుదుటపడేది. చేతుల తడి మెడకు రాసుకుని వచ్చి, ఆపిన చోటి నుంచే పాఠం మొదలుపెట్టేది.

అయితే ఆ కుండను గూడెం పిల్లలం ముట్టుకోకూడదు. మేం దోసిలి పడితే ఊరి పిల్లలెవరో పైనుంచి పోసేవారు. వాళ్లకు బుద్ధి పుట్టకపోతే దాహంతోనే ఇంటికి. మాకందులో వింతేమీ కనిపించేది కాదు... అదీ అసలు దరిద్రం. అమ్మ మా గురించి హెడ్మాస్టరును అడిగి, ఆయన పట్టించుకోకపోతే ఊరుకుంది. కానీ ట్రైనింగు పాసై, ఊరంతటి చేతా పంతులమ్మగారూ అని పిలిపించుకుంటున్నాక ఆ కట్టుబాటు తన దాకా రాదనుకుంది. ఎంత పిచ్చి నమ్మకమో ఆవిడది!

అమ్మ కుండ ముట్టుకుంటోందని ఎవరో ఊరి పిల్లాడు ఇంట్లో చెప్పాడు. మర్నాడు ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కోపంగా ఏమీ రాలేదు, నమస్కారం కూడా పెట్టాడు.

"పంతులమ్మగారూ, పాఠాలు బాగా చెప్తన్నారండి, మాకేం కంప్లైంటు లేదు. ఆ కుండ జోలికి మాత్రం వెళ్లమాకండి."

"నీళ్లలో చెయ్యి పెట్టలేదండి... పైన ఆనించానంతే. చేతులు చల్లబడితే దడ తగ్గుద్దండి."

ఆయన వినలేదు. ఆ సాయంత్రమే కుండ పగలగొట్టించారు. కొత్త కుండ వచ్చింది... నేరుగా హెడ్మాస్టరు గదిలోకి. అమ్మ ఇంటి నుంచి మట్టి కూజా తెచ్చి కుర్చీ పక్కన పెట్టుకుంటే దానికీ అభ్యంతరమే. దాహమేసి ఊరి పిల్లలు అందులో నీళ్లు తాగేస్తారట. గొడవెందుకమ్మా, సర్దుకుపోండి అన్నాడు హెడ్మాస్టరు. కూజా ఇంటికి వచ్చేసింది.

మళ్లీ దడ వచ్చిన రోజు అమ్మ ఆ మూలకేసి చూసింది. ఉత్త ఇసుక. గోడకు చేతులు ఆనించింది. ఎండకు కాలిన గోడ అది... అలాగే కిందికి జారి కూలబడింది. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

నేను హెడ్మాస్టరు గదికి పరిగెత్తాను. అమ్మ పడిపోయింది, నీళ్లు కావాలన్నాను. ఆయన చెంబు ముంచాడు. చెంబు ఇస్తాడనుకున్నాను... దోసిలి పట్టమన్నాడు. పోశాడు. వరండా దాటి అమ్మ దగ్గరకు వచ్చేసరికి నా చేతుల్లో తడి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తడే అమ్మ మెడకు రాశాను.

ఆ తర్వాత అమ్మ ఆ గదిలో నిలబడి పాఠం చెప్పలేకపోయింది. సెలవు పెట్టింది, దర్శి వైపు బదిలీ అడిగి తీసుకుంది. పంతులమ్మకు పిచ్చెక్కింది అని ఊళ్లో చెప్పుకున్నారట. కుండ సంగతి ఎవరూ చెప్పుకోలేదు.

నలభై దాటాక నాకూ ఆ దడ వచ్చింది. గుంటూరులో డాక్టరమ్మ చల్లటి నీళ్లతో మొహం కడుక్కోమంది, ఐసుముక్క గుప్పిట్లో పట్టుకోమంది. బాగానే పనిచేస్తోంది. ఫ్రిజ్ తలుపు తీస్తే నన్ను ఆపేవాళ్లు లేరు. చూడ్డానికి అమ్మ లేదు. ఒళ్లు మండిపోతుంది నాకు, ఇప్పటికీ.

ఈ గ్రూపులో చాలామంది రాస్తుంటారు... ఆ రోజులే వేరు, అందరం కలిసి ఒక్క కుండ నీళ్లు తాగి పెరిగాం అని. లైకులు కూడా బాగానే పడతాయి. మీరూ రాయండి మీ బడి ముచ్చట్లు, తప్పకుండా చదువుతాను. కాకపోతే ఆ నీళ్లు మీరు గ్లాసుతో తాగారో, దోసిలితో తాగారో... అది కూడా రాయండి.