పదకొండు తెల్ల గౌన్లు

2023 మే 9, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను పదకొండు తెల్ల గౌన్లను నీళ్లలో వేశాను. అరగంట నానాలని టైము చీటీ మీద రాసుకున్నాను. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గౌన్లు నావి కావు. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి కారులో యాభై నిమిషాలు వెళ్తే ఒక పాత బడి భవనం ఉంది. ఒకప్పుడు ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. బడి మూతపడి చాలా ఏళ్లయింది. కింది అంతస్తులో రెండు గదులను ఊరివాళ్లు మ్యూజియంగా పెట్టుకున్నారు. జీతం లేని పనికి మనుషులు కావాలని లైబ్రరీలో కాగితం అంటించి ఉంటే నేనే వెళ్లి అడిగాను. ఇంట్లో పగలంతా ఎవరి గదుల్లో వారు మీటింగుల్లో ఉంటారు. మంగళవారాలు మా అమ్మాయికి ఆఫీసుకు వెళ్లే పని ఉండదు కాబట్టి నన్ను అక్కడ దింపి, కారులోనే ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చునేది.

గౌన్లు 1914లో చదువు ముగించిన పదకొండు మందివి. చివరి రోజున ఎవరి గౌను వారే కుట్టుకొని వేసుకోవాలన్నది ఆ బడి నియమం. అందరికీ ఒకే తాను నుంచి బట్ట, ఒకే కత్తిరింపు, లేసు కూడదు. ఉన్నవాళ్ల పిల్లకూ లేనివాళ్ల పిల్లకూ తేడా కనపడకూడదని. వేడుక అయ్యాక ఆ పదకొండు మందీ గౌన్లు విప్పి ఒక పెట్టెలో పెట్టి, పదేళ్లకు మళ్లీ వచ్చి తెరుద్దామనుకున్నారట. అన్నీ ఒక్కలా ఉంటాయి కనుక నడుం పట్టీ లోపల ఎవరి పేరు వారు సిరాతో రాసుకున్నారు. పదేళ్లకు ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో బడి పుస్తకాల్లో లేదు. పెట్టె మొన్నటిదాకా అటక మీదే ఉండిపోయింది.

పెట్టె దొరికిన సంగతి ఊరి పత్రికలో వస్తే ఒహాయో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడకు తొంభై రెండేళ్లు. ఆ పదకొండు మందిలో ఒకరికి కూతురు. మ్యూజియం బాగోగులు చూసే ఆవిడ ఆ ఉత్తరాన్ని నాకు చదివి వినిపించింది. "మా అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్లు. తర్వాత ఇల్లు కాలిపోయింది. ఆమె చేత్తో రాసిన అక్షరం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. గౌను నాకు అక్కర్లేదు. లోపల ఆమె రాసుకున్న పేరు ఒక్కసారి చూస్తాను." మే 13, శనివారం పదకొండు గంటలకు వస్తానని రాసింది.

మంగళవారం మ్యూజియం ఆవిడ భర్తకు కంటి ఆపరేషన్. తాళం నాకిచ్చి, గౌన్లకు లెక్క రాసి పెట్టమంది. గురువారం ఫొటోలు తీసేవాళ్లు వస్తారని చెప్పింది. నేను తొమ్మిదీ ఇరవైకి మొదలుపెట్టాను. భుజం నుంచి అంచు వరకు పొడవు, నడుం చుట్టుకొలత, గుండీలు, మడతలు, చిరుగులు, అన్నీ నంబరు వారీగా రాసి, ఒక్కో గౌనుకూ దాని నంబరు బిళ్ల దారంతో కట్టాను. పేర్ల దగ్గర చిక్కొచ్చింది. నడుం పట్టీల మీద తుప్పు రంగు మరకలు. ఆ మరకల్లో గొలుసుకట్టు రాత. భూతద్దం పెట్టి చూస్తే నాలుగు పేర్లు చదవగలిగాను. ఒహాయో ఆవిడ తల్లి పేరు ఆ నాలుగింటిలో లేదు. మిగిలిన ఏడూ ఎంత చూసినా అర్థం కాలేదు. నా కళ్లకే కనపడనిది తొంభై రెండేళ్ల కళ్లకు ఏం కనపడుతుంది అనుకున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ బాలికల హాస్టల్లో ఇరవై తొమ్మిదేళ్లు వార్డెన్‌గా చేశాను. నూట ఇరవై మంది పిల్లలు. పరికిణీకీ, జాకెట్టుకీ, దుప్పటికీ ఒక మూల చాకలి గుర్తు ఉండేది. నల్లజీడి గింజ రసంతో పెట్టే గుర్తు అది. బట్ట చిరిగిపోతుంది కాని గుర్తు పోదు. మాసిన బట్టలో గుర్తు తెలియకపోతే ఉతికాక చూసేవాళ్లం, మురికి వదిలి నల్లగా తేలేది. ఇరవై తొమ్మిదేళ్లలో అలా తేలని గుర్తు నేను చూడలేదు. బట్ట మీద పేరు రాసేవాళ్లు పోని దానితోనే రాస్తారని నా బుర్రలో నాటుకుపోయింది. ఈ గౌన్లు ఒక్క రోజు కోసం కుట్టినవి, ఉతుకుకు వెళ్లవలసినవే కావు, అందుకని ఆ పిల్లలు బల్ల మీదున్న రాత సిరాతోనే రాసుకొని ఉంటారని నాకు తట్టలేదు.

వారం ముందే ఆ గౌన్ల ముక్క వాసనా మరకలూ చూసి ఉన్నాను కాబట్టి కుంకుడుకాయల పొడీ, ఆరు నిమ్మకాయలూ, ఉప్పూ సంచిలో తెచ్చుకున్నాను. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు, ఎండ. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేశాను. నేలమాళిగలో పాత ఉతుకు తొట్టి ఉంది. పదమూడు మెట్లు. రెండు విడతలుగా దింపాను, రెండు విడతలుగా ఎక్కించాను. పట్టీల మీద ఒక్కొక్కదానికీ నిమ్మచెక్క రుద్ది, వెనక గడ్డి మీద దుప్పటి పరిచి ఎండలో ఆరేశాను. నడుము విరిగినట్లయింది. బల్ల మీద కూర్చొని తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. గౌన్లు మల్లెపూలలా ఉన్నాయి. నాకు తృప్తిగానే ఉంది.

ఒంటి గంటా పదిహేనుకు మొదటి గౌను పట్టీ తిరగేశాను. ఏమీ లేదు. రెండోది చూశాను. పదకొండూ చూశాను. మళ్లీ మొదటి నుంచి భూతద్దంతో చూశాను.

మా అమ్మాయి మీటింగు అయిపోయి వచ్చింది. వచ్చేసరికి నేను గడ్డిలోనే కూర్చొని ఉన్నాను.

"ఏంటమ్మా, ఎండలో అలా కూర్చున్నావు? ఇవన్నీ ఎవరు వాష్ చేశారు?"

"నేనే."

"మ్యూజియం వాళ్లు గ్లౌజ్ లేకుండా టచ్ కూడా చేయరు. నువ్వు నిమ్మకాయ రుద్దావా?" దుప్పటి మీది చెక్కలు చూసి అడిగింది.

"మరకలు పోతాయని."

"మరకలు పోయాయి కదా, మరి ఏమైంది?"

"పేర్లు కూడా పోయాయి."

అది ఒక పట్టీ తిరగేసి చూసింది. తర్వాత నా పక్కన కూర్చుంది. "ఒక్క కాల్ చేసి అడగొచ్చు కదమ్మా. నేను పార్కింగ్‌లోనే ఉన్నాను. మీటింగ్‌లో ఉన్నా పిక్ చేసేదాన్ని. అన్నీ నీకే తెలుసంటావు. ఇది నీ హాస్టల్ కాదు."

అది తప్పు మాట కాదు. లేచి నిమ్మచెక్కలు ఏరి సంచిలో వేసుకున్నాను.

మర్నాడు మ్యూజియం ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఒక పట్టీని వేలితో నెమ్మదిగా తడిమి, "ఉతకమని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు."

"ఒహాయోకు ఫోన్ చేస్తాను. రావద్దని చెప్తాను."

ఫోన్ చేసింది. అటునుంచి ఆవిడ, టికెట్ కొనేశాను, మనవరాలు సెలవు పెట్టుకుంది, వస్తాను అందట. పేరు లేకపోతే ఆ గౌనైనా చూపించమందట.

ఏడింటిలో ఆ గౌను ఏది? బుధ, గురు, శుక్ర, మూడు రోజులూ మా అమ్మాయి ఆఫీసుకు చెప్పి నన్ను అక్కడికి తీసుకువెళ్లింది. బడి పుస్తకాల్లో చివరి ఏడాది పిల్లల ఎత్తూ బరువూ రాసిన పుస్తకం ఒకటి దొరికింది. గౌను అంచు నేలకు మూడంగుళాల పైన ఉండాలన్న నియమం కూడా దొరికింది. నేను చదివి రాసుకున్న నాలుగు పేర్లవాళ్ల ఎత్తుల్లోంచి వాళ్ల గౌన్ల పొడవు తీసేశాను. పదమూడు అంగుళాలు, పదమూడున్నర, పదమూడు, పద్నాలుగు. అంటే తేడా పదమూడుకు తగ్గదు, పద్నాలుగు దాటదు. ఒహాయో ఆవిడ తల్లి అయిదడుగుల రెండంగుళాలు, అంటే అరవై రెండు. ఆమె గౌను నలభై ఎనిమిదికీ నలభై తొమ్మిదికీ మధ్య ఉండాలి. ఉతక్కముందే కొలిచాను కాబట్టి ఆ అంకెలు నమ్మవచ్చు. ఏడింటిలో రెండు అలా ఉన్నాయి. ఒకటి నలభై ఎనిమిదీ పావు, ఒకటి నలభై ఎనిమిదీ ముప్పావు.

అక్కడ ఆగిపోయాను. కుట్టు చూశాను, గుండీ కాజాలు చూశాను. రెండూ బాగా కుట్టినవే. ఇంకా చూడడానికి ఏమీ లేదు, ఓపికా లేదు.

శనివారం వెళ్తూ కారులో మా అమ్మాయి అంది: "ఆ రెండింట్లో ఏదో ఒకటి ఇదే అని చెప్పెయ్యమ్మా. ఆవిడకేం తెలుస్తుంది? అంత దూరం నుంచి వస్తోంది పాపం. హ్యాపీగా వెళ్తుంది."

"తప్పయితే?"

"సగానికి సగం రైట్ అయ్యే చాన్స్ ఉంది కదా."

"ఆవిడ అడిగింది సగం కాదు."

"నీతో కష్టం," అని రేడియో పెట్టుకుంది.

పదకొండూ అయిదుకు వచ్చారు. ఆవిడ చక్రాల కుర్చీలో ఉంది, మనవరాలు నెడుతోంది. రెండు గౌన్లు బల్ల మీద పక్కపక్కన పరిచి ఉంచాం. ఏం చేశానో, ఎందుకు చేశానో, లెక్క ఎలా కట్టానో ఇంగ్లీషులో నాకు వచ్చినట్లు చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"మీకు ఎన్నేళ్లు?" అని అడిగింది.

"డెబ్బై ఆరు."

"ఇంకా చిన్నపిల్లవే. తొందరపడే వయసు," అంది. మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆవిడా నవ్వలేదు.

ఒక గౌను మీద చెయ్యి పెట్టింది. తర్వాత రెండోదాని మీద పెట్టింది. "ఈ రెండింటిలో ఏది?"

మా అమ్మాయి నా వంకే చూస్తోంది. "నాకు తెలియదు," అన్నాను. "ఇంతకన్నా దగ్గరికి రాలేకపోయాను."

"ఉతక్కముందు మీరు చూశారుగా. అక్షరాలు ఎలా ఉన్నాయి?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. కళ్లు మూసుకొని చూశాను. "చదవలేకపోయిన ఏడింటిలో ఆరు కుడికి వాలి ఉన్నాయి. ఒకటి నిలువుగా ఉంది. ఆ ఏడింటిలో మీ అమ్మగారిది ఏదో నాకు తెలియదు."

"ఆరు వాలినవి, ఒకటి నిలువు."

"అవును."

ఆవిడ తల ఊపింది. గౌన్ల మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఫొటో తియ్యనా అని మనవరాలు అడిగితే వద్దంది. మంచినీళ్లు అడిగి తాగింది. పదకొండూ నలభైకి వాళ్ల కారు వెళ్లిపోయింది. ఇప్పుడు నన్ను దుమ్ము తుడిచే పనికి పెట్టారు. తాళం నా చేతికి ఇవ్వరు, నేనూ అడగలేదు.

పోయినవి ఇవి. సిరాతో రాసుకున్న పేర్లు పదకొండు. వాటిలో చదివి కాగితం మీదికి ఎక్కించినవి నాలుగు, చదవకుండానే పోగొట్టినవి ఏడు. ఎవరివో తేల్చలేని గౌన్లు ఏడు. ఉతికినందుకు ఒక్కో గౌను పొడవులో అరంగుళం. ఒక తల్లి చేతిరాత, ఉన్నది అదొక్కటే.