గడ్డం దించమన్న కళ్ళజోళ్ళాయన

కళ్ళజోడు కాడ విరిగింది. దారం కట్టుకుని నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు. నాకు మిగిలింది చదువొక్కటే. పుస్తకం మూస్తే ఇంట్లో ఇంకో గొంతు ఉండేది కాదు.

కోటిపల్లి బస్టాండు దగ్గర కళ్ళజోళ్ళ షాపు ఉంది. అక్కడికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఏడాది కిందట ఆ గుమ్మానికి వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ చూసి, "చూపు అమ్ముకునేవాడివి, దిష్టిని నమ్ముతావా?" అని షాపాయన్ని నలుగురిలో దులిపేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. హేతువాద సభల్లో రాటుదేలిన నోరు నాది. ఎదుటివాడు జవాబు చెప్పకపోతే నేను గెలిచినట్టే. అలా గెలిచినచోటల్లా ఒక పలకరింపు తగ్గిందని చాలా ఆలస్యంగా గమనించాను. దిష్టి మూఢనమ్మకమే. ఇప్పటికీ అదే అంటాను. ఆయన్ని నలుగురిలో నిలబెట్టి అనడం మాత్రం హేతువాదం కాదు, పొగరు.

ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళాను. పాత కాడ లోపలివైపు ఉన్న కొలతలు చూసి, అవే కొలతల నల్ల ఫ్రేము ఆర్డరిచ్చాను. మంచిరోజు చూసి షాపు తెరిచేవాడి మొహం చూడకుండానే పని జరిగిపోయిందని పొంగిపోయాను కూడా. వారానికి కొరియర్లో ఫ్రేము వచ్చింది, లోపల ఉత్త ప్లాస్టిక్ ముక్కలతో. పవర్ అద్దాలు మనమే వేయించుకోవాలి. రెండు షాపులవాళ్ళు, "బయట కొన్న ఫ్రేము, పగిలితే మా మీదకొస్తుందండీ" అని తిప్పి పంపారు. ఇక ఉన్నది ఆయనే.

"రండి మాస్టారూ. తల జాగ్రత్తండి, మిరపకాయలు తగుల్తాయి."

తల వంచుకునే లోపలికి వెళ్ళాను. ఫ్రేము అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ మొహం చూడకుండానే పంపించేశారా అండీ?"

"కొలతలు చూశారు."

"అలాగా" అని స్టూలు మీద కూర్చోబెట్టి, ఫ్రేము నాకు తగిలించి పెన్ను తీశాడు. నావి రెండు చూపుల అద్దాలు. పైన దూరానికి, కింద చదువుకి. రెంటికీ మధ్య గీత ఎక్కడ పడాలో మనిషిని చూసే గుర్తు పెట్టాలి.

"గడ్డం దించండి."

దించాను. నాకు తెలియకుండానే మళ్ళీ లేచింది.

"మైకు ముందు నిలబడ్డట్టున్నారండీ. ఇలాగే గుర్తు పెడితే గీత కిందకి పోతుంది. రేపు పేపరు చదవాలన్నా గడ్డం పైకెత్తాలి. ఇంట్లో ఎలా కూర్చుని చదువుతారు?"

జీవితమంతా చదివినవాణ్ణి, ఎలా కూర్చుంటానో నాకే తెలియదు.

"పోనీ ఇంట్లోవాళ్ళని అడిగి రండి, వాళ్ళకి తెలుస్తుంది."

"ఎవరూ లేరు" అన్నాను.

అది తెలిసిన మనిషి మా ఆవిడ ఒకతే. "మెడెత్తండి, పుస్తకంలో పడిపోతారు" అని వంటింటి గుమ్మంలోంచి కేకేసేది. విసుక్కునేవాణ్ణి.

ఆయన సొరుగులోంచి పంచాంగం తీసి నా చేతిలో పెట్టాడు.

"చదవండి."

"ఇదా?"

"షాపులో ఇంకో పుస్తకం లేదండి."

"అక్షరాలు కనపడ్డం లేదయ్యా."

"మంచిదేగా. కనపడితే నాతో వాదనేసుకుంటారు."

నవ్వొచ్చింది. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. మసకలో పేజీకేసి చూస్తూ మెల్లగా మెడ వంచాను. ఆయన నాకంటే కిందకి వంగి, నా కళ్ళలోకి చూడసాగాడు. నా జవాబు కోసం కాకుండా, నా కోసమే నన్నంతసేపు చూసిన మనిషి రెండేళ్ళలో లేడు. పెన్ను ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తగిలింది.

"అయిపోయిందండి."

వినిపించింది. అయినా పేజీ తిప్పాను.

ఆయన పెన్నుకి మూత పెట్టి, ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు.