మా చేను బొమ్మ వేసిన టీచరు

మొన్న అనంతపురంలో మా ఇంటి తలుపులకు రంగులు వేయిస్తుంటే, పనివాళ్లు తెరిచిన డబ్బాల్లోంచి అవిసెనూనె, టర్పెంటైను కలిసిన ఘాటు వాసన వరండా అంతా కమ్ముకుంది. ఎవరికైనా తలనొప్పి తెప్పించే వాసనే. నాకు మాత్రం కుందుర్పిలో మా వీధిగది, దాని గోడలకు ఆనించి ఆరబెట్టిన నూనెరంగుల బొమ్మలు, వాటి మధ్య నేలమీద కూర్చుని అమ్మ పెట్టిన బొరుగుల ఉగ్గాని తింటున్న అమ్మిణి టీచరు గుర్తుకొచ్చింది.

ఆమెది కేరళ. భర్త మా ఊళ్లో చిన్న ఇంగ్లీషు మీడియం బడి పెడితే, ఆయన వెంట వచ్చి మా వీధిగదిలో అద్దెకు దిగింది. బళ్లో మాకు డ్రాయింగు చెప్పేది, తక్కిన పొద్దంతా తన బొమ్మలు వేసుకునేది. మొదట్లో అన్నీ కొబ్బరిచెట్లూ కాలువలూ పడవలే. పడవ మొహం చూడని మేము గుమ్మంలో అచ్చంగాయలాట ఆపి, అంత నీళ్లు నిజంగా ఒకేచోట ఉంటాయా అని అడిగేవాళ్లం. ఆమె నవ్వేది గానీ, బయట మా ఎర్రనేల కంటబడితే కిటికీ రెక్క మూసేసేది.

ఆమెను మెల్లగా మార్చింది మా కాలాలే అనుకుంటాను. ఆషాఢంలో మనిషిని తోసేసే గాలి, తొలి చినుకుకు మన్నులోంచి లేచే ఆవిరి, శెనక్కాయలు పెరికే రోజుల్లో ఇంటింటా ఉప్పేసి ఉడకబెట్టే పచ్చికాయల వాసన, ఉగాదికి అమ్మ నెయ్యి పోసి పెట్టే ఓళిగలు, పొద్దువాలే వేళ గొర్రెల మంద రేపే దుమ్ములో మెరిసే పసుపు. కిటికీ తెరుచుకుంది. ఆమె తెలుగు కూడా మా వీధి తెలుగే అయిపోయింది.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. మా చేను ఎండిపోయింది. నాయన అటువైపు పోవడమే మానేశాడు. టీచరు మాత్రం గొడుగేసుకుని రోజూ అక్కడికే పోయేది. ఒకనాడు వీధిగది ముందు నడుస్తూ నాయన లోపలికి చూసి ఆగిపోయాడు. బొమ్మలో ఉన్నది మా చేనే. గరుసు తేలిన ఎర్రనేల, మాడిన శెనక్కాయ చెట్లు, పైన ఆకాశం.

"ఎండిపోయిన చేను బొమ్మ ఎవరికి కావాల టీచరమ్మా? నలుగురూ చూసి నవ్వేకా?" అన్నాడు.

ఆమె బ్రష్షు కింద పెట్టింది. "నవ్వేకి కాదన్నా. పచ్చగుండేది మా ఊర్లో చానా చూసినా. ఇంత ఆకాశం యాడా చూడలా. మీకు కష్టమైతే చెరిపేస్తా."

నాయన గడప దాటి బొమ్మ దగ్గరికొచ్చాడు. "చెరపద్దులేమ్మా. గట్టుమింద తంగేడు పొద మర్సిపోయినారు. అదింకా పూసే ఉండాది" అన్నాడు. ఆ పొద చూపించడానికని మరునాడు పొద్దున్నే టీచరును వెంటబెట్టుకుని చేనికి పోయినవాడు, మధ్యాహ్నం దాకా గట్లు సరిచేస్తూ అక్కడే ఉండిపోయాడు. మళ్లీ వానలకు విత్తనం కూడా వేశాడు. ఆ బొమ్మను ఆమె మాకే ఇచ్చేసింది.

తర్వాత బడి నడవక ఆమె భర్త, మా సారు, తమ ఊరికి పోదామన్నాడు. "నేను రాను. ఆడ ఆకాశానికి చెట్లు అడ్డం" అంది టీచరు. సారు పగలబడి నవ్వి అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రంలో వేరే బడిలో చేరాడు. ఇప్పటికీ వాళ్లుండేది అక్కడే.

పోయిన నెల ఆమెను కారులో కుందుర్పికి తీసుకెళ్లాను. నాయన లేడు. వీధిగది పడగొట్టేశారు. గొర్రెల మందలు పలచబడ్డాయి. మా చేనంతా సోలార్ పలకలు పరుచుకున్నాయి. ఆమె ఏమంటుందో అని నాకు దిగులుగానే ఉండింది. ఆమె స్టూలు వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, రంగులు విప్పింది.

"ఏముండాదని గీస్తారు టీచర్ ఈడ?" అన్నాను.

"ఆ పలకల నీడలు చూడు పాపా, ఎంత నీలంగా ఉండాయో. రవ్వంత పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డమొస్తాండావు" అంది.

నేను జరిగాను.